కార్డు మీద బోణియా?

పెద్దనోట్లు బందయి, దుకాణాల ముందర ‘ఇక్కడ కార్డు నడుస్తది’ అని రాసిన అట్టముక్కలు కొత్తగ ఏలాడవట్టిన రోజులవి. ఇప్పటి పోరగాళ్లకు చెప్తె నమ్మరు గని, అప్పుడు మాకు కార్డంటె పైసలు గాదు, పైసలు యాడనో ఉన్నయని చెప్పే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని మిషిన్ల పెట్టి, అది ఊ అంటదా ఊహూ అంటదా అని దుకాణపోళ్లు, గిరాకులు అందరం కలిసి ఊపిరి బిగవట్టి చూసేటోళ్లం. ఊ అంటె కొందరు చప్పట్లు గుడ కొట్టేటోళ్లు (నేను ఒక్కసారే కొట్టిన). పిన్ను నెంబరు దాచిపెట్టుకోండ్రని బ్యాంకోళ్లు ఎంత మొత్తుకున్నా మా తలకెక్కలే. దాచిపెడితె ఎదుటి మనిషిని మొఖం మీదనే దొంగ అన్నట్టు గదా! అందుకని మా దిక్కు మర్యాద తెలిసినోళ్లు ‘బాగున్నవా బిడ్డా’ అని అడిగినంత పెద్దగ పిన్ను నెంబరు చెప్పి, కార్డు చేతిల పెట్టి, పక్క దుకాణంల పని చూసుకోను పోయేటోళ్లు.

నేను అప్పుడే డిగ్రీ పూర్తి జేసి భువనగిరిల మా పెద్దమ్మ బట్టల దుకాణంల కూసున్న. మా అమ్మకు సొంత అక్క ఆమె. కోటకు పోయే తొవ్వల దుకాణం. చీరెలు, దుప్పట్లు, లుంగీలు, దస్తీలు, అన్నీ మా మగ్గాలోళ్లు నేసినవే. పెద్దనాయిన సరుకు మీద ఊర్లు తిరుగుతుంటె గల్లపెట్టె కాడ పెద్దమ్మ కూసునేది. బట్ట విప్పి చూపుడు, మళ్ల మడత పెట్టుడు, గీకుడు మిషిన్‌కు చార్జింగ్ పెట్టుడు, ఇంగ్లీషు గిరాకి వస్తె ఇంగ్లీషు మాట్లాడుడు, ఇవి నా పనులు. (ఆ ఆఖరి పనికే నన్ను పెట్టుకున్నరు. ఆ గిరాకి ఒక్కటి రాకుండ చూడు సామీ అని నేను యాదగిరిగుట్ట దిక్కు తిరిగి రోజూ దండం పెట్టుకునేదాన్ని.)

పెద్దమ్మకు సర్కారు చట్టాలు ఎన్ని ఎరుకనో గని, బోణి చట్టాలు మాత్రం కరుకుగ నడిపించేది. పొద్దుగాల మొదటి బేరం పైసలు చేతిల పడాలె, వాటిని కండ్లకద్దుకోవాలె, లక్ష్మి ఫోటో ముంగట తిప్పి గల్లల ఎయ్యాలె. అప్పటిదాంక దుకాణంల ఎవ్వలు ‘లేదు’ అనే మాట అనొద్దు. చాయ్ తాగొద్దు. గడప మీద కూసోవద్దు. గల్లలకెల్లి పైస బయటికి పోవద్దు. అన్నిటికంటె పెద్ద చట్టమేందంటె, బోణికొచ్చిన గిరాకి ఒట్టి చేతులతోని వాపసు పోవద్దు. పోయిండ్రంటె ఇగ ఆ రోజంత ఈగలు తోలుకునుడే. కార్డు సంగతి ఆమె మొదటి రోజే తేల్చి చెప్పింది: “బోణి అయినంక ఎన్నన్న గీకుండ్రి, నేనొద్దన్న. బోణి మాత్రం పైసలే. గా మిషిను నా చేతికి ఏమిస్తాంది? ఇంత కాయితం ముక్క. లక్ష్మి యాడికెల్లి వచ్చింది, యాడికి వోయింది, నీ కండ్లకన్న అవుపడ్డదా?” నేను డిగ్రీల అర్థశాస్త్రం చదివిన. ఈ ప్రశ్న ఏ పరీక్షల రాలే.

ఇగ నా దుప్పటి సంగతి చెప్పాలె. మా నాయిన మగ్గం మీద ఎప్పుడూ పాత బొమ్మలే, తాతల కాలం నాటి గడులు, ఏనుగులు. నేను గీసిన చిలుకల బొమ్మ నెయ్యమని ఆయన ఎంటవడ్డ. తిన్నప్పుడు అడిగిన, పండుకున్నప్పుడు అడిగిన, చిరాకుల ఉన్నప్పుడు అడిగి తిట్లు తిన్న. మా పనిల బొమ్మ మార్సుడంటె ఉత్త మాట గాదు. నెయ్యకముందే బొమ్మను బట్టి నూలుకు రబ్బరు ముక్కలు చుట్టి కట్టాలె, రంగుల ముంచాలె, ఆరబెట్టాలె, విప్పి మళ్ల ఇంకో కాడ కట్టాలె. అయినా నా పోరు పడలేక ఒప్పుకున్నడు. దుప్పటి మగ్గం దిగినంక చూస్తె నా చిలుకలు బాతులైనయి. ముక్కు వంపు తిరగాల్సిన కాడ సాపుగ పోయింది, తోక పొట్టిగైంది, కడుపు మాత్రం నిండుగ వచ్చింది. నాయిన తప్పు గాదు, నేను గీసిందే గట్ల. మా వాడకట్టంత దానికి బాతుల దుప్పటని పేరు పెట్టిండ్రు. పెద్దమ్మ అద్దాల బీరువల పెట్టింది. ఎండకాలం పోయె, వానకాలం పోయె. గిరాకి వచ్చుడు, విప్పి చూసుడు, నవ్వుడు, నేను మడత పెట్టుడు. “ఇది పోకుంటె నీ పెండ్లికి ఇదే పెడ్త, మొగడు పెండ్లాలు బాతులల్ల పండుకోండ్రి” అనేది పెద్దమ్మ. నాయిన మాత్రం నవ్వలే. కొత్త నూలు తెచ్చిపెట్టి ఒకటే మాటన్నడు: “పున్నం దాంక ఆగుత. గా దుప్పటి అమ్ముడువోతె ఈ నూలు నీ బొమ్మకు. పోకుంటె మన పాత బొమ్మే, ఇగ జన్మల నన్నడగొద్దు.”

పున్నం రేపనంగ, పొద్దుగాల దుకాణం ఊడ్చి, సానుపు చల్లి ఊదుబత్తి పెట్టినమో లేదో ముంగట కిరాయి కారొకటి ఆగింది. కోట గుట్ట ఎక్కి దిగొచ్చిన తెల్లామె, మొఖమంత ఎర్రగ కందిపోయి, నెత్తి మీద పెద్ద టోపీ. ఆమె ఎనుక డ్రైవరు, నకిరేకల్ దిక్కు మనిషి, బలిసిన మీసం. “దొరసాని వచ్చింది, ఇంగ్లీషు తియ్యి” అన్నది పెద్దమ్మ, బీరువలకెల్లి చీరె తియ్యమన్నంత అల్కగ. దొరసాని దుకాణమంత ఓసారి కలె చూసి, నా దుప్పటి ముంగట ఆగి నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. (నవ్వేటోళ్లు అందరు గట్లనే షురువు జేస్తరు.) ఆమె నవ్వలే. విప్పుమన్నది. విప్పిన. ఒక్కొక్క పిట్టను ఏలుతోని నిమురుకుంట ‘వండర్‌ఫుల్, వండర్‌ఫుల్’ అంటాంది. ధర అడిగింది. భయం భయంగ చెప్పిన. బేరమే ఆడలే! సంచిలకెల్లి కార్డు తీసి నా ముంగట పట్టింది. నా కండ్ల ముందర నాయిన తెచ్చిన కొత్త నూలు అవుపడ్డది. మిషిను అందుకోబోయిన. పెద్దమ్మ చెయ్యి అడ్డమొచ్చింది.

“బోణి గాలే” అన్నది.

“పెద్దమ్మా, నీ కాల్మొక్త, అది నా దుప్పటే!” అని గుసగుస పెట్టిన. “దుప్పటి నీదైతేంది, బోణి నాది. కార్డు మీద బోణియా? మా అత్తనే ఉంటె ఇద్దర్ని తొవ్వల నిలవెట్టేది” అని ఆమె గుడ గుసగుసనే అన్నది గని, ఆమె గుసగుస బస్టాండు దాంక ఇనవడ్తది. పైసలున్నయా మేడం అని అడిగిన. దొరసాని సంచి నోరు తెరిచి చూపించింది. రంగురంగుల కార్డులు, పెదవులకు రాసుకునే మైనం డబ్బి, అంతే. మరి కార్డు ఎందుకు తీసుకుంటలేరని అడిగింది. ‘లేదు’ అనొద్దు గదా, చట్టం! నా డిగ్రీ ఇంగ్లీషంత కూడగట్టుకొని, “మేడం, మిషిన్ స్లీపింగ్” అన్న. దొరసాని మిషిన్ దిక్కు వంగి చూసి, పచ్చ బటన్ నొక్కింది. అది కీక్‌మని లేచి కూసున్నది. “ఇట్ ఈజ్ అవేక్!” అని సంబురపడ్డది ఆమె. ఇగ నాకేం తోస్తది? “అవేక్ మేడం. బట్... బాత్ నాట్ టేకెన్” అన్న. దొరసాని జల్ది చెయ్యి ఎనుకకు తీసుకొని, మిషిన్‌కు మర్యాదగ ఇంత దూరం జరిగింది. ఈ దేశంల మిషిన్లకు గుడ స్నానాలుంటయి కావచ్చనుకున్నది పాపం.

అప్పుడు పెద్దమ్మ నజర్ డ్రైవర్ మీద పడ్డది. “ఏం కొడుకా, చెమటలు గారుతున్నయి, ఒక దస్తి కొనుక్కోరాదు” అన్నది తీయగ. ఆయననే దొరసానికి ఓ పది రూపాయలు బదలు ఇయ్యమందామా అన్న నేను. “బదలు పైసలతోని బోణియా? ఇంకేమన్న ఉన్నదా!” అని చెంపలేసుకున్నది. ఆ మాట డ్రైవర్ ఇన్నడు. మనిషి లోకం చూసినోడు. బోణి తన మీదనే ఆగిందని, తాను ఒట్టి చేతులతోని గడప దాటితె పెద్దమ్మకు ప్రాణం పోయినంత పనైతదని ఒక్క రెప్పపాటుల అర్థం చేసుకొని, మీసం దువ్వుకుంట చాప మీద సాపుగ కూసున్నడు. దస్తి ధర సగానికి సగం అడిగిండు. పెద్దమ్మ పండ్లు కొరుక్కుంట సరే అన్నది. అంత జల్ది సరే అంటె ఇంకేమున్నది! “దస్తి ఏం చేసుకుంట గని అమ్మా, గా లుంగీ తియ్యి” అన్నడు. లుంగీ సగమైంది. “మా ఇంటామె చీరె చీరె అని పానం తింటాంది” అన్నడు. చీరె గుడ సగమైంది. లేస్తున్నట్టు మోకాళ్ల మీద చెయ్యి ఏసుడు, పెద్దమ్మ ‘కూసో కొడుకా’ అనుడు, ధర ఇంకింత దిగుడు. నేను ఆ దుకాణంల ఉన్న దినాలల్ల పెద్దమ్మను అంత అందంగ దోసుకున్న మనిషిని ఇంకొకన్ని చూడలే. దొరసాని సంగతేందో ఎరుకలేక, బేరం తెగినప్పుడల్ల నవ్వుకుంట తలూపుతాంది.

ఆఖరికి చీరె, లుంగీ, దస్తి మూటగట్టినం. పెద్దమ్మ రెండు చేతులు జాపింది. డ్రైవర్ అంగీ జేబుల చెయ్యి పెట్టి తీసిండు... కార్డు! “నగదు యాడున్నది చెల్లె, ఏటీఎం కాడ లైను చూసినవా? గీకు” అని కార్డు నా మీదికి ఇసిరి, గడప కాడికి వోయి అక్కడికెల్లే పిన్ను నెంబరు ఇంగ్లీషు అంకెలల్ల మొత్తుకున్నడు. నేను సరిగ ఇనలేదనుకొని మళ్ల మొత్తుకున్నడు. “మా పెద్ద పిల్ల పుట్టిన ఏడు, యాదుంచుకో!” అని ముక్తాయింపు గుడ ఇచ్చిండు. ఎదురంగ ఇస్త్రీ చేసేటాయన తలెత్తి చూసి, అవునా, అంత పెద్ద పిల్లున్నదా నీకు అన్నడు. పెద్దమ్మ నెత్తి పట్టుకొని కూలవడ్డది. దొరసాని అయితె, ఎవరో లుంగీ లేకుంట లోపలికొచ్చినట్టు, రెండు చెవులు మూసుకొని గోడ దిక్కు తిరిగి నిలవడ్డది! డ్రైవర్ పరేషానయిండు. “ఏమైంది దొరసానికి? నేనేమన్న బూతు మాటన్ననా?”

తర్వాత దొరసాని నా దిక్కు తిరిగింది. నవ్వు లేదు. నాకు అమ్మబుద్ధి అయితలేదా నీకు, సాఫ్ సాఫ్ చెప్పు, పోత అన్నది. టోపీ గుడ పెట్టుకున్నది. ఇగ నాకు ఏడుపు ఆగలే. మిషినూ లేదు స్నానమూ లేదు, వచ్చిన ఇంగ్లీషు, రాని ఇంగ్లీషు కలిపి అంత కక్కేసిన. ఆ బాతులు నావి, మా నాయిన నేసిండు, రేపు పున్నం, ఇది పోకుంటె నా బొమ్మ మళ్ల మగ్గమెక్కది. మొదటి పైసలు మా పెద్దమ్మ చేతిల పడాలె, చేతికి తగలాలె, అంతే మేడం, నిన్ను అవమానం జేస్తలేము. దొరసాని టోపీ తీసి పక్కన పెట్టి అంత ఇన్నది. తమ దేశంల తాను నోటు ముట్టుకోక ఏండ్లయిందట. కాఫీకి కార్డు, బస్సుకు కార్డు, ఆఖరికి వాళ్ల గుడిల హుండీకి గుడ కార్డేనట. కావాలన్నా ఇచ్చేదానికి తన కాడ ఒక్క నాణెం లేదన్నది.

“ఏమంటాంది?” అన్నది పెద్దమ్మ.

“వాళ్ల దిక్కు పైసలు ముట్టుకోరట. ఆమె చేతిల పైసవడి ఏండ్లయిందట.”

పెద్దమ్మ మొఖం మారిపోయింది. “అయ్యో... గంత గరీబోళ్లా! ఆడిమనిషి, దేశం గాని దేశమొచ్చింది, సంచిల ఒక్క రూపాయి లేకపాయె” అని కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. (ఆ ఒక్క కార్డుతోని దొరసాని మా దుకాణాన్ని మాతోని సహా కొనేదుండె. చెప్తె ఇనేటట్టున్నదా?) “పెండ్లయిందా అడుగు” అన్నది. అడిగిన. రెండుసార్లయిందన్నది దొరసాని, రెండూ ముగిసిపోయినయని గుడ అన్నది. నేను మొదటి ముక్క మాత్రమే తెలుగుల చెప్పిన. “రెండుసార్లా! అయితె డబల్ ముత్తయిదువ” అని పెద్దమ్మ లేచి, కుంకుమ భరిణె తెచ్చి, దొరసాని నొసట పావలా అంత బొట్టు పెట్టి, జాకిటి ముక్క మీద తమలపాకులేసి, గల్లల చెయ్యి పెట్టకుండ తన బొడ్ల సంచిలకెల్లి పది రూపాయల నోటు, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఆమె ఒళ్లె పోసింది. నేను బిత్తరపోయిన. “బోణిగాక ముందర పైసలిస్తున్నవేంది పెద్దమ్మా?” “ఇది ఇచ్చుడు గాదే, బొట్టు. బొట్టు పైసలకు చట్టం లేదు” అన్నది. గొంతు తగ్గించి అడిగింది: “ఇప్పుడవి ఎవల పైసలు?” “ఆమెవే.” “బదలు పైసలా?” “గాదు.” “మరి చూస్తవేంది, బోణి అడుగు!”

అప్పుడనిపించింది నాకు, సర్కారు చట్టాలు రాసే కాడ మా పెద్దమ్మ ఎందుకు లేదా అని.

కష్టమేందంటె, దొరసాని అప్పటికే కరిగి నీరైపోయింది. బొట్టు ముట్టుకుంటాంది, ఆకు వాసన చూస్తాంది, నోటును గుండెలకు హత్తుకొని నాలుగు మడతలేసి సంచిల లోపలి అరల పెట్టి గొలుసు గుంజింది. నేను మెల్లగ, మేడం, గా పైసలే ఇస్తె బోణి అన్న. ఇయ్యనన్నది! ఇది నాకొచ్చిన బహుమానం, చచ్చేదాంక దాచుకుంట, కార్డు ఎంతన్న గీకుకోండ్రి, ఇవి మాత్రం అడగొద్దన్నది. నేను తెలుగు జేసి చెప్పిన. పెద్దమ్మ గెల్చినట్టు తొడ చరిసింది: “ఇప్పుడెరుకైంది ఈమెకు పైసలంటె ఏందో!” డ్రైవర్ నడుమ దూరి పంచాయితి తెంపిండు. నోటు ఆమెకు, రూపాయి బిళ్ల బోణికి. దొరసాని రూపాయి తీసి రెండు చేతులతోని ఇచ్చింది. పెద్దమ్మ కండ్లకద్దుకున్నది, లక్ష్మికి చూపించింది, గల్లల ఏసింది. ఆ రూపాయి సప్పుడుకు నాకు ఊపిరొచ్చింది.

ఇగ గీకుడు. అలవాటు చొప్పున “పిన్ చెప్పండి మేడం” అన్న. దొరసాని నన్ను చూసింది, డ్రైవర్‌ను చూసింది, గడప కాడికొచ్చి నిలవడ్డ ఇస్త్రీ ఆయనను చూసింది. మిషిను చేతిలకు తీసుకొని, నా బాతుల దుప్పటిని నెత్తి మీదికెల్లి నిండ కప్పుకున్నది. లోపల కిచకిచ బటన్ల సప్పుడు. మేమందరం ఆ బాతుల కుప్ప చుట్టు నిలవడ్డం. సిగ్నల్ దొరుకుతలేదని డ్రైవర్ చెప్తె, దుప్పటి అట్లనే లేచి నడుసుకుంట తొవ్వ మీదికి వోయింది. పోతున్న ఆటో ఆగింది. ఆఖరికి దుప్పటి లోపల కీక్‌మన్నది, కాయితం ముక్క బయటికొచ్చింది. నేను చప్పట్లు కొట్టలే, పెద్దమ్మనే కొట్టింది. డ్రైవర్ మూట చంకల పెట్టుకొని, నాది గుడ గీకు చెల్లె అన్నడు. “ఏం ధరకు కొడుకా?” అన్నది పెద్దమ్మ. “గదేందమ్మా, సగం ధర ఒప్పుకుంటివి గదా!” “గది బోణి ధర. బోణి అయిపోయె.” ఆయన మూట విప్పి, చీరె వాపసు పెట్టి, లుంగీ వాపసు పెట్టి, దస్తి ఒక్కటి పూరా ధర పెట్టి కొనుక్కొని, దానితోనే చెమట తుడుసుకున్నడు.

ఆ మాపు ఇంటికి ఉరికిన. నాయిన మగ్గం గుంతల కూసొని పాత బట్ట కోసి దించుతాండు. “పోయింది నాయినా, దుప్పటి పోయింది!” అన్న. “ఎవలు ఎత్కపోయిండ్రు?” అన్నడు ముందుగాల. (మా ఇంట్ల దాని మీద అంత నమ్మకం.) అంత చెప్పిన. ఇని, కొత్త నూలు చిలపలు తీసి నా ముంగట పెట్టి, గడుల కాయితం, పెన్సిల్ ఇచ్చి, “మరి గియ్యి” అన్నడు.

ఏం గియ్యాలె? ఏడాదంత ఆయన పానం తిని, పొద్దంత దొరసాని ముంగట ఏడ్చి, పెద్దమ్మ కాల్మొక్కి గెల్చుకున్న గా కాయితం మీద గీసేదానికి నా తలకాయల ఒక్క గీత లేదు. ఇప్పుడు నా బొమ్మలు కంప్యూటర్ల తయారైతయి, ఎన్ని మగ్గాల మీదనో ఆడుతయి, తట్టనప్పుడు ఎవ్వలకెరుకలేకుండ పాతదాన్నే తిప్పి గీసుడు గుడ నేర్సుకున్న. గని అప్పటి ఆ పిల్లకు గవేం రావు. పెన్సిల్ కొరుక్కుంట, చెవుల దాంక ఎర్రగై, కాయితం దిక్కు చూసుకుంట కూసున్న దాన్ని తల్సుకుంటె ఇప్పుడు నవ్వొస్తది. రెండో నాడు గుడ గీయలే, మూడో నాడు గుడ గీయలే. పక్కింటోళ్లొచ్చి మగ్గం ఎందుకు ఖాళీగున్నదని అడిగిండ్రు. జ్వరమొచ్చినా మగ్గం ఖాళీగ ఉంచని మనిషి మా నాయిన, పండుగనాడు గుడ ఓసారి ఎక్కి దిగుతడు. అట్లాంటాయన చేతులు ఒళ్లె పెట్టుకొని, నా పెన్సిల్ దిక్కే చూసుకుంట కూసున్నడు. “బొమ్మ గీసేటామె ఆలోచన జేస్తాంది” అన్నడు వాళ్లతోని. నా దిక్కు తిరిగి, “తొందరేం లేదు బిడ్డా” అన్నడు.